ఆ పెట్టెలను తూకానికి వేయకండి

పాఠకురాలి ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మా మామగారు పోయి ఆరేళ్లయింది. బట్టల దుకాణం నడిపేవారు. పాటలన్నా, రేడియో అన్నా ఆయనకు ప్రాణం. రెండు రేకు పెట్టెల నిండా క్యాసెట్లు వదిలి వెళ్లారు, అటక మీద ఉన్నాయి. లెక్కపెడితే 132 తేలాయి. కొన్నిటి మీద ఆయన చేతిరాత ఉంది: ‘కోవెల హరికథ, రెండో రాత్రి’, ‘విశాఖ నాటకం’, ‘అమ్మ, దంపుళ్ల పాటలు’, ‘గుణుపురం చిన్న రైలు’ అని. ఆయన టేపురికార్డరు ఉంది గాని తిరగడం లేదు. దీపావళికి ఇంటికి రంగులు వేయిస్తున్నాం. ‘ఇవన్నీ ఇప్పుడు యూట్యూబులో ఉన్నాయి, పాత సామాన్లవాడికి తూకానికి ఇచ్చేద్దాం’ అంటున్నారు మా వారు. అత్తగారు ఏమీ అనలేదు గాని ఆ పూట భోజనం చేయలేదు. ఆవిడకు 74 ఏళ్లు. ఫోనులో పాటలు పెట్టి ఇస్తే రెండు నిమిషాలకే పక్కన పెట్టేస్తారు. సాయంత్రాలు ఊరికే కూర్చుంటారు. అబ్బాయికి 14, అమ్మాయికి 11 ఏళ్లు. ఒడియా, ఇంగ్లీషు చదువుతున్నారు. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. ఈ క్యాసెట్లు ఉంచి ఎవరికి ఉపయోగం? ఉంచితే ఏమి చేయాలి? అత్తగారికి కాలక్షేపం ఎలా?

సమాధానం:

అమ్మా, రంగులు వేసేవాళ్లు వచ్చేలోపు ఆ రెండు పెట్టెలనూ అటక మీది నుంచి దింపించండి. మిగతా సంగతులు తరువాత. అటక మీద ఎండాకాలం పైకప్పు వేడి, వానాకాలం చెమ్మ. క్యాసెట్టుకు రెండూ శత్రువులే. బీరువాలో మధ్య అరలో, పుస్తకాలు నిలబెట్టినట్టు నిలువుగా పెట్టండి. బట్టల్లో వేసినట్టు కలరా ఉండలు వేయవద్దు, వాటి ఆవిరి ప్లాస్టిక్కుకు మంచిది కాదు. పెద్ద స్పీకరు పెట్టెల పక్కన అసలే పెట్టవద్దు. వాటిలో అయస్కాంతం ఉంటుంది, టేపు మీద ఉన్న పాట కూడా అయస్కాంతపు గీతే.

ఇక మీ వారి మాట. ఆయనతో వాదనకు దిగవద్దని నా మనవి, ఎందుకంటే ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. దుకాణంలో కొన్న సినిమా పాటల క్యాసెట్లు ఏవైతే ఉన్నాయో, వాటిలో చాలా పాటలు ఇప్పుడు ఫోనులో ఇంకా శుభ్రంగా వినిపిస్తాయి. వాటి కోసం మీరు ఒక్క సాయంత్రం కూడా ఖర్చు పెట్టనక్కరలేదు. కానీ ఆయననే కూర్చోబెట్టి, చేతిరాత ఉన్న క్యాసెట్లలో ఒక ఐదు తీసి, ఆ పేర్లు యూట్యూబులో వెతకమనండి. ‘అమ్మ, దంపుళ్ల పాటలు’ అని కొట్టమనండి. ఎవరి అమ్మలో వస్తారు. ఆయన నాయనమ్మ రాదు.

పెట్టెలు దింపాక క్యాసెట్లను మూడు కుప్పలు చేయండి. ఇంటి గొంతులు, ఊరి గొంతులు ఒక కుప్ప: నాయనమ్మ పాటలు, కోవెల హరికథ, పెళ్లిళ్లు, పిల్లల ముద్దుమాటలు, ఏ పేరూ రాయని ఖాళీ అట్టల క్యాసెట్లు. పేరు లేనివాటిని ‘ఏమీ లేదేమో’ అని పక్కన పడేయకండి. పాత ఇళ్లలో అన్నిటికంటే విలువైనవి అవే అయి ఉంటాయి. రెండో కుప్ప రేడియో నుంచి ఎక్కించినవి. మీ ప్రాంతానికి విశాఖపట్నం ఆకాశవాణి చక్కగా అందేది. ఆ కేంద్రం 1963లో మొదలయింది. ఆదివారం మధ్యాహ్నం సంక్షిప్త శబ్ద చిత్రం వస్తుంటే సినిమా అంతా చెవులతో చూసినవాళ్లం మనం. ఆ నాటకాలు, ఆ ప్రసంగాలు కొన్ని ఎక్కడైనా దొరకవచ్చు, చాలా దొరకకపోవచ్చు. మూడో కుప్ప కొన్న పాటలు. ఈ మూడో కుప్పను కూడా ఇప్పుడే తూకానికి వేయవద్దు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

‘గుణుపురం చిన్న రైలు’ అని ఉందన్నారు. ఆ మాట చదివి నేను కుర్చీలోంచి లేచాను. నౌపడ నుంచి పర్లాకిమిడికి రెండున్నర అడుగుల పట్టాల మీద ఆ రైలు 1900లో మొదలయింది, పర్లాకిమిడి రాజావారు వేయించినది. తరువాత గుణుపురం దాకా పొడిగించారు. పెద్ద పట్టాలు వేయడం కోసం 2004లో దాన్ని ఆపేశారు. ఇప్పుడు అదే దారిలో పెద్ద రైలు తిరుగుతోంది, మంచిదే. కానీ చిన్న రైలు చేసే చప్పుడు వేరు, దాని కూత వేరు, అది ఊరి మధ్యకు వచ్చినప్పుడు జనం కేకలు వేరు. బొమ్మలు తీసినవాళ్లు చాలామంది ఉంటారు. చప్పుడు పట్టి ఉంచాలని ఒక బట్టల దుకాణం ఆయనకు తోచింది చూడండి! టేపురికార్డరు భుజాన వేసుకుని స్టేషనుకు వెళ్లి ఉంటారు, లేదా రైల్లోనే కూర్చుని ఒళ్లో పెట్టుకుని ఉంటారు. ఏది నిజమో మీ అత్తగారికి తెలుసు. ఆవిడను అడిగారా?

మాది బరంపురం. నేతపనివారి వీధి. చిన్నప్పటి నుంచి మగ్గం చప్పుడులో పెరిగాను. మా అమ్మ పాడిన లాలిపాటలు నాలుగు ఒక క్యాసెట్టులో ఉండేవి, మా పెద్దన్నయ్య ఎవరి దగ్గరో టేపురికార్డరు అరువు తెచ్చి ఎక్కించినవి. అమ్మ పోయాక దాన్ని సీడీ చేయించాలని ఒక దుకాణంలో ఇచ్చాను. ఉన్నది అదొక్కటేనని చెప్పాను కూడా. వారం తరువాత వాళ్లు సీడీ ఇచ్చారు, దాంతోపాటు ఒక కవరులో నలిగి చుట్టలు చుట్టుకుపోయిన టేపు ఇచ్చారు. మిషను తినేసిందన్నారు. సీడీలో మొదటి పాట, రెండో పాటలో కొంత, అంతే. మొత్తం నాలుగు నిమిషాలు. కొన్నేళ్లకు ఆ సీడీ కూడా చదవడం మానేసింది. అప్పటికే మా మేనల్లుడు దాన్ని కంప్యూటర్‌లోకి దించి ఉంచబట్టి ఆ నాలుగు నిమిషాలైనా మిగిలాయి.

ఆ నాలుగు నిమిషాలు నేను ఎన్నిసార్లు విన్నానో చెప్పలేను. అమ్మ గొంతు వెనక మగ్గం టకటక వినిపిస్తూ ఉంటుంది. మొదటి పాట అంతా అలాగే సాగుతుంది. రెండో పాట ఎత్తుకున్నాక, మొదటి చరణం అయ్యేసరికి మగ్గం ఆగుతుంది. నాన్న పని ఆపి వింటున్నారన్నమాట. ఆయన బతికున్నన్నాళ్లూ అమ్మ పాటను ఒక్క మాటతో మెచ్చుకోవడం నేను వినలేదు. మగ్గం ఆగడం మాత్రం విన్నాను.

అందుకే చెబుతున్నాను, ఆ పెట్టెల్లో ఏముందో పైన రాసిన పేరు చూసి తేల్చలేము. పాట కోసం ఎక్కించిన టేపులో పాట కాక ఇంకెన్నో ఉంటాయి. వంటింట్లో గిన్నె చప్పుడు, వీధిలో ఉల్లిపాయలవాడి కేక, ఎవరో ఎవరినో పిలిచిన పిలుపు.

పిల్లలు తెలుగు చదవలేరు కాబట్టి ఎవరికి ఉపయోగం అన్నారు. నాకు సరిగ్గా తిరగేసి తోస్తోంది. పిల్లలు తెలుగు చదవలేరు కాబట్టే ఆ క్యాసెట్లు కావాలి. మన సరిహద్దు ఊళ్లలో తెలుగు అక్షరాల మీద నిలబడలేదు, చెవుల మీద నిలబడింది. బడి ఒడియాలో, కచేరీ కాగితాలు ఒడియాలో, దుకాణం బోర్డు ఒడియాలో. అదేమీ తప్పు కాదు, మనం ఉన్న రాష్ట్రపు భాష అది, మన పిల్లలు దాన్ని బాగా నేర్వాలి. కానీ మీ మామగారు ఒక కట్ట పుస్తకాలు వదిలి వెళ్లి ఉంటే ఈ పిల్లలకు అవి మూసిన తలుపులు. ఆయన వదిలింది గొంతులు. వాటికి అక్షరాలతో పని లేదు. మీ పెద్దబ్బాయి ఈ రోజే విని అర్థం చేసుకోగలడు.

మీ ఊళ్లోనే ఒక మహానుభావుడు చేసిన పని గుర్తుచేస్తాను. గిడుగు రామమూర్తి పంతులు 1880లో పర్లాకిమిడి బడికి ఉపాధ్యాయుడిగా వచ్చారు. కొండల మీది సవరల భాషకు అప్పుడు లిపి లేదు, పుస్తకం లేదు. ఆయన సవరలను ఇంటికి పిలుచుకుని, వాళ్లు మాట్లాడుతుంటే విని, పాటలూ కథలూ రాసుకుని, ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువు తయారుచేశారు. ఆయన చేతిలో టేపురికార్డరు లేదు. చెవి, కాగితం, ఓపిక, అంతే. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమండ్రి వెళ్లారు. మీ మామగారిని పంతులుగారితో పోల్చడం లేదు. కానీ ఊళ్లో మాట వినబడగానే దాన్ని పట్టి దాచాలనే తపన ఇద్దరిదీ ఒకటే. పని మీ ఇంట్లో సగం అయిపోయి, పెట్టెల్లో ఉంది.

సరే, పనిలోకి వద్దాం.

ముందు ఆ టేపురికార్డరును బాగుచేయించండి. కొత్తది కొనేముందు, వేరేది అరువు తెచ్చేముందు, ఆయనదే. దీనికి కారణం ఉంది. టేపు మీద శబ్దాన్ని రాసే హెడ్డు ప్రతి మిషనులోనూ ఒక వెంట్రుకవాసి వంపు తేడాతో ఉంటుంది. ఏ వంపుతో రాసిందో అదే వంపుతో చదివితే మాట స్పష్టంగా వస్తుంది. లేకపోతే దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు మూగగా వస్తుంది. ఆయన మిషను మీద ఎక్కించినవి ఆయన మిషను మీదే బాగా పలుకుతాయి. తిరగడం లేదంటే చాలావరకు లోపలి రబ్బరు బెల్టు పోయి ఉంటుంది. ఏళ్ల తరబడి వాడకపోతే అది సాగిపోతుంది, కొన్నిసార్లు తారులా కరిగి అంటుకుంటుంది. అది మార్చడం పెద్ద పని కాదు. పాత రేడియోలు, టేపులు బాగుచేసే ముసలి మెకానిక్కులు పర్లాకిమిడిలో లేకపోతే పక్కనే పాతపట్నంలోనో, బరంపురంలోనో ఇంకా ఉండవచ్చు. వాళ్లలో ఒకరిని పట్టుకోండి. మిషను ఇవ్వండి, క్యాసెట్లు మాత్రం ఇవ్వకండి. పరీక్షించడానికి మూడో కుప్పలోది ఒకటి ఇవ్వండి, పోతే పోతుంది.

మిషను ఇంటికి వచ్చాక, హెడ్డును దూదితో, మందుల దుకాణంలో దొరికే స్పిరిట్‌తో మెల్లగా తుడవండి. దూదికి గోధుమరంగు పొడి అంటుతుంది. అది ఇదివరకు తిరిగిన టేపుల ఇనుప తుప్పు. టేపు అంటే అంతే కదా, పల్చటి ప్లాస్టిక్ రిబ్బను మీద పూసిన ఇనుప పొడి. దూది తెల్లగా వచ్చేదాకా తుడవండి. పక్కనే ఉండే నల్లటి రబ్బరు రోలరుకు స్పిరిట్ వద్దు, కాస్త తడిపి పిండిన గుడ్డ చాలు. పూర్తిగా ఆరాక టేపు పెట్టండి.

ఇప్పుడు క్యాసెట్టును చేతిలోకి తీసుకోండి. టేపు బయటికి కనిపించే అంచుకు ఎదురు అంచున, రెండు మూలల్లో రెండు చిన్న ప్లాస్టిక్ పలకలు ఉంటాయి. చేతిరాత ఉన్న ప్రతి క్యాసెట్టుకూ ఆ రెండిటినీ చిన్న స్క్రూడ్రైవరుతో విరిచేయండి. అవి లేకపోతే రికార్డు చేసే ఎర్ర బటను కిందికి దిగదు. ఎవరి వేలో పొరపాటున తగిలి నాయనమ్మ పాట మీద మీ ఇంటి ఫ్యాను చప్పుడు ఎక్కదు. ఇంతకంటే ముఖ్యమైన జాగ్రత్త ఇంకోటి లేదు. దీన్ని ఈ రోజే, మిషను బాగుకాకముందే చేయండి.

తరువాత క్యాసెట్టు మధ్యలో ఉండే చిన్న కిటికీలోంచి టేపు చుట్టను వెలుగులో చూడండి. తెల్లటి పొడి చుక్కలు కనిపిస్తే అది బూజు. అలాంటిది మిషనులో పెడితే హెడ్డుకు అంటి మిగతావాటికి పాకుతుంది. వాటిని వేరే సంచిలో కట్టి పక్కన ఉంచండి, తెలిసినవారి చేత చేయించవచ్చు. శుభ్రంగా ఉన్నవాటిని కూడా ఏళ్ల తరువాత ఒక్కసారిగా వేగంగా తిప్పకండి. ఆరు పలకల పెన్సిలు ఒకటి తీసుకుని చక్రం పళ్లలోకి దూర్చి, చేత్తో కొంచెం తిప్పి చూడండి. మా చిన్నప్పుడు బ్యాటరీ ఆదా చేయడానికి ఇలాగే తిప్పేవాళ్లం. చుట్ట సులువుగా కదిలితే భయం లేదు. పట్టినట్టుంటే ఒత్తిడి చేయకండి. కదిలినవాటిని మిషనులో చివరిదాకా ఒకసారి, మళ్లీ మొదటిదాకా ఒకసారి తిప్పి, అప్పుడు వినండి.

శబ్దం మరీ సన్నగా, మూగగా వస్తే క్యాసెట్టు లోపల టేపును హెడ్డుకు నొక్కి పట్టే చిన్న గుడ్డముక్క ఊడిపోయి ఉండవచ్చు. అప్పుడు పనికివస్తాయి మూడో కుప్పలోని కొన్న పాటలు. ఐదు మరలున్న డొక్కు ఒకటి విప్పి, దాని టేపు తీసేసి, మీ టేపు చుట్టలను ఆ డొక్కులోకి మార్చవచ్చు. ఓపిక ఉన్నవాళ్లు ఇంట్లోనే చేయగలిగే పని ఇది. మీ వారికి అప్పజెప్పండి. ఆ క్యాసెట్లను పారేద్దామన్న మనిషి చేతనే వాటిని బతికించండి.

కొన్నిటిలో మనుషులు హడావిడిగా, కీచుగా మాట్లాడుతున్నట్టు వినిపించవచ్చు. కంగారు పడకండి. ఎక్కించిన రోజున బ్యాటరీలు నీరసించి మోటారు మెల్లగా తిరిగి ఉంటుంది. ఇప్పుడు మామూలు వేగంతో తిప్పితే గొంతులు పరుగెడతాయి. కంప్యూటర్‌లోకి ఎక్కాక దాన్ని సరిచేయవచ్చు.

కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి టేపురికార్డరు ఇయర్‌ఫోన్ రంధ్రం నుంచి కంప్యూటర్‌కు ఒక తీగ చాలు. ల్యాప్‌టాప్‌లో శబ్దం లోపలికి తీసుకునే రంధ్రం సరిగా లేకపోతే యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండు పరికరం ఒకటి కొనాలి. ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది, మీ పెద్దబ్బాయి గంటలో నేర్చుకుంటాడు. శబ్దం ముల్లు ఎర్రగీతను తాకకుండా చూడమనండి. ఒకసారి పగిలి ఎక్కిన శబ్దాన్ని తరువాత అతికించలేము. టేపురికార్డరు ఎదురుగా ఫోను పెట్టి ఎక్కించడం మాత్రం వేరే దారి లేనప్పుడే. కుక్కరు కూత కూడా హరికథలో కలిసిపోతుంది. క్యాసెట్టును నేరుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తామని చౌకగా అమ్మే చిన్న మిషన్లు ఉన్నాయి. వాటి మోటారు వేగం నిలకడగా ఉండదు. ఇంటి గొంతులకు అవి వద్దు.

అసలు ప్రతిని వేవ్ (WAV) రూపంలో, అంటే శబ్దాన్ని కుదించకుండా, ఉంచండి. నిమిషానికి సుమారు 10 ఎంబీ పడుతుంది, అంటే గంట క్యాసెట్టుకు 600 ఎంబీ. వినడానికి ఎంపీ3 ప్రతి వేరే చేసుకోండి, గంటకు 60 ఎంబీ చాలు. మొదటి రెండు కుప్పల్లో 60 క్యాసెట్లు తేలాయనుకున్నా అసలు ప్రతులన్నీ కలిపి 36 జీబీ. ఒక చిన్న కార్డులో పట్టేస్తాయి. అయితే ఒక్కచోటే ఉంచకండి. రెండు ప్రతులు చేసి, ఒకటి వేరే ఊళ్లో ఉన్న మీ ఆడపడుచు ఇంట్లోనో, తమ్ముడి ఇంట్లోనో ఉంచండి. సీడీల సంగతి నా అనుభవం చెప్పాను.

ఒక్క విషయంలో పిల్లవాడికి గట్టిగా చెప్పండి: పాటపాటకూ ముక్కలు కోయవద్దు. ఒక వైపు ఒక్క ఫైలు. పాటకూ పాటకూ మధ్య మీ మామగారు దగ్గి ఉంటారు, ‘ఆగు, ఆగు, ఎక్కుతోంది’ అని ఉంటారు, మొదట్లో బటను టక్కుమని ఉంటుంది. అవన్నీ ఉండాలి. ఇక ఫైళ్ల పేర్లు తెలుగులోనే రాయాలని పట్టుబట్టకండి. ఒడియా అక్షరాలతో రాసుకోనివ్వండి. ‘దంపుళ్ల పాటలు’ అని ఒడియా లిపిలో రాస్తే అది తెలుగు మాట కాకుండా పోదు. మా ఇంట్లో పిల్లలు ఉత్తరాలు అలాగే రాసేవారు. ప్రతి క్యాసెట్టు అట్టకూ ఒక ఫోటో తీయించండి. మీ మామగారి చేతిరాత కూడా దాచవలసినదే.

ఇప్పుడు మీ అత్తగారు. ఫోను పక్కన పెట్టేస్తున్నారంటే ఆవిడకు పాటల మీద ఇష్టం పోయిందని అనుకోకండి, ఫోను చేతకాక అని కూడా అనుకోకండి. నేనూ గమనించాను. ఫోనులో పాట మొదలయ్యేముందు ఎవరో వచ్చి ఏదో కొనమంటారు. పాట అయ్యేలోపే కింద ఇంకో పాట బొమ్మ కదులుతుంది. అయిపోగానే మనం అడగని పాట దానంతట అదే మొదలవుతుంది. క్యాసెట్టు అలా కాదు. ఒక వైపు అరగంట. అరగంటలో చిక్కుడుకాయలు ఈనెలు తీయడం అయిపోయేది, ఒత్తులు చేసుకోవడం అయిపోయేది. చివర బటను టక్కుమని పైకి లేచేది, ఇల్లు నిశ్శబ్దంగా అయ్యేది. ఇంకా వినాలంటే మనిషి లేచి వెళ్లి తిరగేయాలి. ఆ పొద్దు అక్కడ ముగిసేది. వినడానికి ఒక మొదలు, ఒక చివర ఉండేవి. ఆవిడకు కావలసినది అదేనని నా నమ్మకం.

అందుకని ఆవిడకు గట్టి బటన్లున్న చిన్న స్పీకరు కొనండి, మెమరీ కార్డు పెట్టుకునేది. అందులో వేల పాటలు నింపకండి. పది ఫైళ్లు చాలు. 01, 02 అని అంకెలతో మొదలయ్యేలా పేర్లు పెడితే ఆ వరుసలోనే వస్తాయి. నొక్కవలసిన బటను మీద ఎర్ర గోళ్లరంగు చుక్క పెట్టండి. నెలకోసారి కార్డు మార్చండి.

కానీ దానికంటే ముందు ఇంకోటి ఉంది. క్యాసెట్టును ఎక్కించాలంటే అది తిరిగినంతసేపూ తిరగనివ్వాలి, తొందరపెట్టడానికి లేదు. 60 క్యాసెట్లంటే 120 వైపులు. రోజుకు ఒక వైపు చొప్పున 120 సాయంత్రాలు. దీపావళికి మొదలుపెడితే శివరాత్రి దగ్గరకు వస్తుంది. ఆ సాయంత్రాలను అత్తగారివి చేయండి. రోజూ ఒకే వేళకు, దీపం పెట్టాక, ఆవిడ కుర్చీ పక్కన మిషను పెట్టండి. ఈ రోజు ఏ క్యాసెట్టో ఆవిడనే తీయమనండి. పెద్దవాడు కంప్యూటర్ చూసుకుంటాడు, చిన్నది అట్టకు ఫోటో తీస్తుంది. శబ్దం తీగలోంచి లోపలికి పోతుంటుంది కాబట్టి మీరు మాట్లాడుకున్నా రికార్డింగు చెడదు. కంప్యూటర్ స్పీకరులో అందరూ వినవచ్చు. మొదటి రోజు ‘అమ్మ, దంపుళ్ల పాటలు’ పెట్టకండి. ఆవిడకు భారం కావచ్చు. హరికథతో మొదలుపెట్టండి. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు పుట్టిన విజయనగరం సీమ మీకు దగ్గరే. ఆ కథ చెప్పే తీరు, మధ్యలో చిడతల మోత, జనం నవ్వులు పిల్లలకు కొత్తగా ఉంటాయి. అర్థం కాని మాటలు నాయనమ్మను అడుగుతారు.

ఇంటి గొంతులను నెట్‌లో పెట్టవద్దు. అందులో మాట్లాడినవాళ్లను, వాళ్లు లేకపోతే వాళ్ల పిల్లలను అడిగి, వాళ్లు సరేనంటేనే. చిన్న రైలు టేపు మాత్రం మీ ఇంటివాళ్లందరూ ఒప్పుకుంటే ఊరివాళ్లకు వినిపించండి. దాని కోసం ఎదురుచూసే చెవులు నౌపడ నుంచి గుణుపురం దాకా ఉన్నాయి.

ఇంకొక్కటి. ప్రతి సాయంత్రం టేపు మొదలుపెట్టేటప్పుడు, మీ ఫోనులో రికార్డింగు నొక్కి అత్తగారి పక్కన బల్ల మీద ఉంచండి. అడ్డుపడి మాట్లాడమని చెప్పండి. ‘ఆ నవ్వింది మా చిన్నాడపడుచు’, ‘అది మన పాత ఇంటి గేటు చప్పుడు’, ‘ఆ రోజు ఈయనకు జ్వరం, వద్దన్నా వెళ్లారు’ అని ఆవిడ చెబుతూ పోతారు. ఆ ఫైలుకు కూడా అదే అంకె వేసి, ఆ క్యాసెట్టు పక్కనే దాచండి.